నలభై ఒకటో వరస

మూడో ఏడాది మా పాఠ్యపుస్తకంలో
సముద్రం ఇంకా నీలంగానే ఉంది.
నూకుస్‌లో, విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో
అట్ట ఊడిన ప్రతి అది.
నూట పన్నెండో పేజీలో ఎవరో పెన్సిల్‌తో
తీరాన్ని ఏటేటా వెనక్కి గీసుకుంటూ పోయి
మార్జిన్ దాకా వచ్చి ఆగిపోయారు.

సహజ వనరుల సంరక్షణ.
చేరిన రోజునే మా అత్త అడిగింది,
"ఉన్నవాటినా, పోయినవాటినా?"
నవ్వి తప్పించుకున్నాను.
ఆ జవాబింకా బాకీనే.

ఏప్రిల్లో ప్రాక్టికల్స్.
ఆరు గంటలు వ్యాన్‌లో ఎగిరెగిరి పడి
సముద్రం అడుగున దిగాం.
కాలికింద గవ్వలు
నిలవ రొట్టె పెచ్చుల్లా విరిగాయి.
పెదవి తడుపుకుంటే ఉప్పు. టీలో ఉప్పు.
నోట్‌బుక్ మధ్య మడతలో కూడా ఉప్పు.
"ఈ ఉప్పు తిన్నవాళ్ళం, విశ్వాసముండాలి మరి"
అన్నారు ఉజాక్‌బాయ్ మాస్టారు.
ప్రతి బ్యాచ్‌కీ ఇదే జోకు చెబుతారట.

పని తేలికే.
పోయినేడు సీనియర్లు నాటిన సాక్సౌల్ మొక్కల్లో
బతికినవెన్నో లెక్కపెట్టాలి.
వరసకి వంద గుంటలు.
నాకూ ఆయ్‌సులూకీ నలభై ఒకటో వరస.

దానికి ఆకులంటూ కనబడవు.
చచ్చిందీ బతికిందీ
ఒకేలా బూడిదరంగు పుల్ల.
తేడా తెలియాలంటే మోకాళ్ళ మీద కూర్చుని
బొటనవేలి గోటితో బెరడు గీకాలి.
లోపల పచ్చటి గీత కనబడిందా, ఒకటి.
లేదా, తర్వాతి గుంట.

మా అమ్మమ్మ నమాజులో కూడా
ఒక్కరోజున అన్నిసార్లు వంగి ఉండదు.

పంతొమ్మిది.
పోయాయనుకున్నవాటిని
ఇంకాస్త కిందగా గీకి చూశాం.
పంతొమ్మిదే.

ఫారం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది:
యాభై దాటితేనే వచ్చే ఏడాదికి మొక్కలు.
ఆయ్‌సులూ పెన్ను నావైపు జరిపింది.
"అరవై వేసెయ్.
ఇంతదూరం వచ్చి ఎవరు గీకి చూస్తారు?
మనం రాసిన అరవైతో
ఇంకో వంద మొక్కలొస్తాయి కదా."
అదీ నిజమే.
అబద్ధంలో అంత మంచి ఉంటుందని
ఏ సెమిస్టర్లోనూ చెప్పలేదు మాకు.

వ్యాన్ నీడలో డ్రైవర్ పెర్దెబాయ్
ఎండబెట్టిన ఖర్బూజా ముక్క నములుతున్నాడు.
మమ్మల్ని చూడకుండా, టైరుతో చెబుతున్నట్టు అన్నాడు,
"మా నాన్న పత్తి కాటా దగ్గర గుమస్తా.
అన్నీ కాకిలెక్కలే.
పండని పత్తిని కాగితం మీద పండించేవాడు,
ఏటా ఒక మెడల్ ఇచ్చేవాళ్ళు.
అంత పండితే ఇంకా పండించండన్నారు పైవాళ్ళు.
ఇంకో కాలవ తవ్వారు."
మరో ముక్క తుంచుకున్నాడు.
"కాగితం మీది పత్తి కూడా
నిజం నీళ్ళే తాగింది పిల్లా."

పంతొమ్మిది అని రాశాను.
అంకెల్లో, అక్షరాల్లో, రెండు చోట్లా.

మాస్టారు ఫారం చూసి
కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఉప్పుకే కావచ్చు.
మెచ్చుకోలేదు, తిట్టలేదు.
"నలభై రెండో వరస ఎవరిది?" అన్నారు.
దాంట్లో అరవై ఎనిమిది వచ్చింది.
ఆయ్‌సులూ తిరుగు దారంతా
కిటికీవైపే ముఖం పెట్టుకుని కూర్చుంది.

ఒక్క సంగతి మాత్రం ఫారంలో రాయలేదు.
డెబ్బై మూడో గుంటలోని దాన్ని
చీకటి పడుతుందన్న తొందరలో లోతుగా గీకేశాను.
పచ్చగానే ఉంది. లెక్కలో వేశాను.
నా సీసాలో మిగిలిన నీళ్ళు పోశాను గానీ
ఆ నేల గుటక కూడా వేయలేదు.
బతికుందని తేల్చడానికి చేసిన గాయంతో
అది బతుకుతుందో లేదో!
అత్తకి వచ్చే ఏప్రిల్లో చెప్పాలి.

హాస్టల్లో గిన్నెలు తోమినా
బొటనవేలి గోటి కింద ఆ పచ్చదనం
మూడు రోజులు పోలేదు.